జీతంతో సెలవు

ఆ వేసవిలో నేను ట్రామ్ నడపడం నేర్చుకుంటున్నాను. పొద్దున్నే డిపోకి వెళ్ళి, ముందు క్యాబిన్‌లో కూర్చుని, కాలి కిందున్న గంట నొక్కి, అంత పొడుగు బండిని నా చేత్తో రోడ్డు మీదికి తీసుకొస్తుంటే ఒళ్ళంతా జివ్వుమనేది. అంతకుముందు బట్టల దుకాణంలో బిల్లులు కొట్టాను. ఫోన్ కంపెనీలో కూర్చుని ముఖం తెలియనివాళ్ళ చేత తిట్లు తిన్నాను. ఆ ఉద్యోగాలకి అలారం రెండుసార్లు మోగితే గానీ లేచేదాన్ని కాదు. ఇప్పుడు అది మోగకముందే లేచి కూర్చుంటున్నాను. నిద్రలో కూడా కుడికాలితో గంట నొక్కుతున్నానని, ఆ గంట తన పిక్క మీదే ఉందని మా ఆయన మొర.

శిక్షణ చివర రోడ్డు పరీక్ష. పాసైతే యూనిఫాం, పర్మనెంటు ఉద్యోగం. ఆ రోజు రాకపోతే ఫెయిలైనట్టే. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో ఎవరికీ తెలియదు. మాకు నేర్పే ఆవిడ భారీ మనిషి, నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ ఆడుతుండేది. సెలవు అనే మాట తన చెవిన పడకూడదని మొదటి రోజే తేల్చి చెప్పేసింది.

మాకు మూడేళ్ళ కూతురు. సన్నగా ఉండి, కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి కిచకిచలాడుతూనే ఉంటుంది కాబట్టి పిచ్చుక అని పిలుస్తాం. మా ఆయనది ఆసుపత్రి వంటశాలలో తెల్లవారుజాము డ్యూటీ. అందుకని పగలంతా పిచ్చుకని పిల్లలక్క చూసుకునేది. మాకు రెండు వీధుల అవతల, కింది అంతస్తులో ఆమె ఇల్లు. గడప పక్కన బుల్లి బుల్లి చెప్పుల వరుస, లోపల పాలూ రంగు పెన్సిళ్ళూ కలిసిన వాసన. యాభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ ముందుగదిలోనే ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని పెంచింది. అందరూ పిల్లలక్క, పిల్లలక్క అంటుంటే చివరికి అదే ఆమె పేరైపోయింది.

మా నాన్న మాతోనే ఉండేవాడు. మరి మనవరాలిని ఆయనే చూసుకోవచ్చు కదా అని చాలామంది అడిగేవాళ్ళు. నేనూ ఒకసారి అడిగాను. "నాకు చేతకాదమ్మా" అన్నాడు. మళ్ళీ అడగలేదు. నాన్న గాజు ఫ్యాక్టరీలో యూనియన్ కార్యదర్శి. నా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది తక్కువ, గేటు ముందు ఉన్నది ఎక్కువ. జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ, జడ వేసిందీ, స్కూల్లో దింపిందీ అన్నీ అమ్మే. కాబట్టి ఆయన చేతకాదంటే నేను నమ్మేశాను. ఫ్యాక్టరీ మూతపడి, అమ్మ కూడా పోయాక మా దగ్గరికొచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రేడియోతో పోట్లాడుతూ ఉండేవాడు. రోజంతా ఆయన నోరు విప్పేది ఆ రేడియోతోనే.

ఒక సాయంత్రం పిచ్చుకని తీసుకురావడానికి వెళ్తే, పిల్లలక్క నా చేతిలో మడిచిన కాగితం పెట్టింది. ఇంటికెళ్ళి తీరిగ్గా చదువుకో అమ్మాయ్ అంది. నాకు అంత ఓపికేదీ, వీధి మలుపులోనే విప్పాను. అప్పటిదాకా మా మధ్య కాగితాల్లేవు, అంతా నోటి మాట. ఇప్పుడు షరతులు. వేసవిలో రెండు వారాలు తను సెలవు తీసుకుంటుంది, ఆ రెండు వారాలకీ మేము పూర్తిగా డబ్బివ్వాలి. మేము పిల్లని తీసుకుని ఎక్కడికైనా వెళ్ళినా పూర్తిగా ఇవ్వాలి. సాయంత్రం ఆలస్యంగా వస్తే అదనం. మానిపించాలంటే నెల ముందు చెప్పాలి. కింద సంతకానికి చోటు. పైన సెలవు తేదీలు. రెండో వారం సరిగ్గా నా పరీక్ష వారం.

గిరుక్కున వెనక్కి తిరిగి ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. తేదీలు మార్చమన్నాను. మార్చలేనంది, టికెట్లు కొనేసిందట. తనకు ఒక కోరిక ఉందట. స్టేషన్లో ఎక్కి, ఆ రైలు ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాలని. మధ్యలో ఎవరికీ అన్నం పెట్టకుండా, ఎవరి ముక్కూ తుడవకుండా. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. కానీ ఆ క్షణం నాకు ఒళ్ళు మండిపోతోంది.

"సెలవు మీది, డబ్బు మాదా అక్కా?" అన్నాను.

"రేపు నీకు డిపోలో సెలవిస్తే జీతం కోస్తారా అమ్మాయ్?"

"ముందు డిపోలో నాకు ఉద్యోగం రావాలి కదా. అది రాకుండా చేస్తున్నది మీ సెలవే."

పిచ్చుకని చంకనేసుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో రుసరుసలాడుతూ ఆ కాగితం మా ఆయన ముందు పడేశాను. ఆయన చదివి, ఆవిడ హెడ్మాస్టరమ్మ అని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదా అన్నాడు. కిటికీ దగ్గర్నుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది.

"ఏదీ, ఇటివ్వు."

నాన్న ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. రేడియో కట్టేశాడు. ఆయన దాన్ని కట్టేయడం నేను చూడటం అదే మొదటిసారి.

"రాసిన మనిషి తెలివైందే. కానీ ఒప్పందం అంటే ఇద్దరూ కూర్చుని రాసుకునేది. ఒకరు రాసి ఇంకొకరి చేతిలో పెట్టేది కాదు. రేపు పిల్లని నేను దింపుతాను. నేను మాట్లాడతాను."

మర్నాడు అందరికంటే ముందు ఆయనే స్నానం చేశాడు. పెట్టె అడుగునున్న తెల్ల చొక్కా తీసి తనే ఇస్త్రీ చేసుకున్నాడు. జేబులో పెన్ను పెట్టుకుని, పిచ్చుక చెయ్యి పట్టుకుని, ఛాతీ విరుచుకుని మెట్లు దిగాడు. ఆ రోజు మా ఆయనకి డ్యూటీ లేదు, ఇద్దరం కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాం. యాజమాన్యం పని అయిపోయింది అన్నాడు మా ఆయన. నాకూ అలాగే అనిపించింది. ఆ రోజు డిపోలో బండి ఎంత హుషారుగా నడిపానంటే, మెల్లగా, మెల్లగా అని మాకు నేర్పే ఆవిడ నన్ను పక్కనుంచి గదమాయించాల్సి వచ్చింది.

సాయంత్రం ఏమైంది నాన్నా అని అడిగితే, గట్టి మనిషి అన్నాడు. ఆ గొంతులో ఓడిపోయిన దిగులు లేదు, మంచి ఆటగాడు దొరికిన సంబరం ఉంది. కొలిమి చల్లార్చి బాగుచేసే రోజుల్లో మీ ఫ్యాక్టరీలో జీతం ఇచ్చేవాళ్ళా అన్నయ్యగారూ అని ఆమె అడిగిందట. ఇచ్చేవాళ్ళన్నాడట. ఊరికే ఇచ్చారా అందట. ఊరికే ఎందుకిస్తారు, నలభై రోజులు గేటు ముందు కూర్చుంటే ఇచ్చారన్నాడట. మరి నేనెక్కడ కూర్చోవాలి, నాకు గేటు లేదు కదా అందట.

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? నిజమే కదా అన్నాను."

"నువ్వు ఎవరి తరఫున వెళ్ళావ్ నాన్నా?"

నీ తరఫునేనమ్మా, రేపు మళ్ళీ వెళ్తాను అన్నాడు. వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. ప్రతి రోజూ ఇంకాస్త ఆలస్యంగా తిరిగొచ్చేవాడు. ఏడాది మొదట్లోనే సెలవు తేదీలు చెప్పాలన్న దానికి ఆమె ఒప్పుకుంది. పిల్లలు ఊరెళ్తే సగమే తీసుకోవాలన్న దగ్గర కుదరదని పట్టుబట్టి కూర్చుంది. ఆలస్యానికి అదనం మాత్రం వదలనంటే వదలనంది. నాన్న ఇవన్నీ అన్నం తింటూ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. మా ఆయన నా చెవిలో, ఇది ఒప్పందమా సంబంధమా అన్నాడు. ఆవిడ అన్నయ్యగారూ అంటోంది, ఈయన చెల్లెమ్మా అంటున్నాడు, నోరు మూసుకుని తిను అన్నాను.

కానీ అసలు ముడి అలాగే ఉంది. సెలవు డబ్బు, నా పరీక్ష వారం.

చివరికి ఒక ఆదివారం సాయంత్రం పిల్లల తల్లిదండ్రులందర్నీ పిల్లలక్క ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ గదిలో ఉన్నవి పిల్లల కుర్చీలే. అందరం మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా ముడుచుకుని కూర్చున్నాం. మందుల షాపాయన ముందే వేడి మీదున్నాడు. పిచ్చుకతో పాటు అక్కడుండే ఒక ఉంగరాల జుట్టు పిల్లాడు ఆయన కొడుకు. నా షాపు మూసిన రోజు నాకెవరిస్తున్నారని మొదలుపెట్టాడు. మీరు మూసినా సరుకు అరల్లో ఉంటుంది, నేను మూస్తే నాకు మిగిలేది కాళ్ళ నొప్పులే అంది పిల్లలక్క. పక్క వీధిలో ఇంకొకావిడ మొదలుపెట్టింది, అక్కడికి మారుస్తానన్నాడాయన. మార్చుకోండి అందామె. కవలల తల్లి, దర్జీ దుకాణంలో పనిచేసే అమ్మాయి, నా ఇద్దర్నీ ఎవరు తీసుకుంటారు అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నా పరీక్ష సంగతి ఎత్తాను. గొంతులు పెరిగాయి. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

అప్పుడు నాన్న చెయ్యెత్తాడు. మీటింగుల్లో ఎత్తినట్టే, అరచెయ్యి జనం వైపు పెట్టి. అందరూ ఆగారు.

"రెండు వారాలే కదా. పిల్లల్ని ఇక్కడే నేను చూస్తాను. ఊరికే. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు."

నేను ఆయన వైపు అలాగే చూస్తుండిపోయాను. చేతకాదన్న మనిషి. మందుల షాపాయన ముఖం విప్పారింది. బ్రహ్మాండం, సమస్యే లేదు అంటూ అప్పుడే లేవబోయాడు. నా గుండెలోనూ ఒక్కసారిగా డిపో గంట మోగింది. పరీక్షకి వెళ్ళచ్చు.

పిల్లలక్క మాత్రం నాన్ననే చూస్తోంది. కోపం లేదు. గొంతు కూడా పెంచలేదు.

"మీరు సమ్మెలో ఉంటే, వెనక గేటు నుంచి ఒకాయన వచ్చి నేను ఊరికే పని చేసిపెడతాను, వీళ్ళకేమీ ఇవ్వకండి అంటే, మీరేమనేవాళ్ళు అన్నయ్యగారూ?"

గదిలో ఎవరికీ ఆ మాట పూర్తిగా అర్థమైనట్టు లేదు. నాన్నకి అర్థమైంది. ఆయన కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు. వెనక గేటు నుంచి వచ్చినవాళ్ళని ఆయన ఏమనేవాడో నాకు తెలుసు. పెద్దయ్యాక కూడా నేను నోటితో అనలేని మాటలవి.

"పొరపాటైంది చెల్లెమ్మా" అన్నాడు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నాన్న ఒక మాట వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీటింగు అక్కడితో చెల్లాచెదురైంది. ఇంటికి బయల్దేరాం. నా భుజం మీద పిచ్చుక నిద్రపోతోంది. పరీక్ష పోయినట్టే అనుకుంటూ నడుస్తున్నాను. మా మెట్ల దగ్గరికొచ్చాక ఆయన ఆగి ఫక్కున నవ్వాడు.

"యాజమాన్యం లాయర్లు కూడా నన్ను అలా కూర్చోబెట్టలేదమ్మా" అన్నాడు.

మర్నాడు పిచ్చుక లేవకముందే ఆయన వెళ్ళిపోయాడు. పిల్లని నేనే పరుగున గుమ్మంలో వదిలి, లోపలికి కూడా చూడకుండా డిపోకి పోయాను. తను డ్యూటీ దిగి వచ్చాక కూడా నాన్న కుర్చీ ఖాళీగానే ఉందని మా ఆయన తర్వాత చెప్పాడు. సాయంత్రం తెల్ల చొక్కా మీద నీలం, పసుపు రంగు వేళ్ళ గుర్తులతో, చేతిలో పిచ్చుకతో ఆయనే ఇంటికొచ్చాడు.

"ఏమిటి నాన్నా ఇది?"

"ఉద్యోగం" అన్నాడు.

పొద్దున్నే వెళ్ళి పనివ్వమని అడిగాడట. ఆమె మొదట నవ్విందట, తర్వాత నవ్వలేదట. ఇంకో మనిషి ఉంటే ఇంకో ఇద్దరు పిల్లల్ని తీసుకోవచ్చు, నాన్న జీతం అందులోంచి వస్తుంది. తన సెలవు తనది, దాని జీతం తనది. ఇల్లు మూయక్కర్లేదు కాబట్టి ఆ రెండు వారాలు కూడా పిల్లలకి చోటుంటుంది, కాబట్టి మేమూ ఎప్పటిలాగే ఇస్తాం. పిల్లలు ఊరెళ్తే సగం. దాని దగ్గర చివరికి ఆమె దిగొచ్చింది. ఆలస్యానికి అదనం, అది మాత్రం రాయిలా అలాగే ఉంది.

కానీ ఒక మెలిక పెట్టింది. తను బయల్దేరే రోజు వరకు నాన్న నేర్చుకోవాలి. పనికొస్తాడని తనకి నమ్మకం కుదిరితేనే తాళం చెవి ఇస్తుంది. కుదరకపోతే ఇల్లు మూసేస్తుంది, అంతే.

అంటే నా పరీక్ష ఇప్పుడు మా నాన్న చేతిలో ఉంది. ఆయన పరీక్షలో ఆయన పాసైతేనే నా పరీక్షకి నేను వెళ్ళగలను. అది తలుచుకుంటే ఒకపక్క గుబులు, ఒకపక్క పట్టలేనంత నవ్వు.

అప్పట్నుంచి ఇంట్లో ఇద్దరు శిక్షణార్థులం. పొద్దున్నే అద్దం దగ్గర తోసుకునేవాళ్ళం. సాయంత్రం అన్నాల దగ్గర ఆ రోజు ఎవరెన్ని చీవాట్లు తిన్నారో చెప్పుకునేవాళ్ళం. నేను సంత దగ్గర మలుపులో ఒక్కసారిగా బ్రేకు పట్టుకుంటే మా గురువుగారి నోట్లో పిప్పరమెంటు ఎగిరి అద్దానికి తగిలిన రోజునే, నాన్న పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు కడుక్కోవడం గురించి ఉపన్యాసం ఇచ్చాడట. అది పూర్తయ్యేలోపు ఇద్దరు లాగులు తడుపుకున్నారట. ఇది గేటు మీటింగు కాదు అన్నయ్యగారూ, ముందు కింద కూర్చోండి అందట పిల్లలక్క. ఆయనకి మోకాళ్ళు వంగవు. గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, చివరికి కూర్చున్నాడట. కూర్చున్నాక లేవడానికి పిల్లలందరూ కలిసి లాగాల్సి వచ్చిందట. అది వాళ్ళకి ఎంత నచ్చిందంటే రోజుకి నాలుగుసార్లు ఆయన్ని కూర్చోబెట్టి లాగడమే ఆటైపోయింది.

ఉంగరాల జుట్టువాడు ఆయనకి కొరకరాని కొయ్య. అన్నం ముద్ద బుగ్గలో పెట్టుకుని మధ్యాహ్నం నిద్ర దాకా మింగడు. నాన్న బతిమాలాడు, కథ చెప్పాడు, కళ్ళెర్రజేశాడు. వాడు బుగ్గ ఉబ్బించుకుని ఆయన్నే చూస్తుండేవాడట, పిల్లి చూసినట్టు. వాడి గురించి ఆలోచిస్తూ ఆయన రేడియో పెట్టడం కూడా మర్చిపోయేవాడు.

ఒక రాత్రి కంచం ముందు కూర్చుని, దిగుడులో బ్రేకు ఎప్పుడు పట్టుకుంటావని అడిగాడు.

"దిగకముందే. వేగం పెరిగాక పట్టుకుంటే చక్రాలు జారతాయి."

"అదీ సంగతి" అన్నాడు తల ఊపుతూ. "ఏడుపు కూడా అంతే. మొదలయ్యాక పట్టుకుంటున్నాను నేను."

ఒకరోజు డిపోలో కరెంటు పోయి మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. ఎండలో గబగబా పిల్లలక్క ఇంటికి నడిచాను. పిల్లలు పడుకునే వేళ. కిటికీ తెర సగం లాగి ఉంది. తలుపు కొట్టబోతూ లోపలికి చూశాను.

నాన్న గోడకి ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. ఒక తొడ మీద తల పెట్టుకుని పిచ్చుక నిద్రపోతోంది. ఆయన ముందు కవలల్లో ఒకతి అటు తిరిగి కూర్చుని తూగుతోంది. ఆయన దానికి జడ వేస్తున్నాడు. మూడు పాయలు తీసుకుని, ఏది దేని మీది నుంచి రావాలో పెదాలు కదుపుతూ చెప్పుకుంటూ, తప్పుపోతే విప్పి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. దూరంగా బట్టలు మడతపెడుతున్న పిల్లలక్క చూస్తోంది గానీ ఏమీ అనడం లేదు. చివరికి రబ్బరు బ్యాండు వేసి, జడ ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు. ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయనకి బాగానే ఉన్నట్టుంది.

నేను తలుపు కొట్టలేదు. ఆ వీధులన్నీ ఒక చుట్టు చుట్టి, రోజూ వచ్చే వేళకే వచ్చాను. నా జుట్టు అప్పటికే మెడ దాకా కత్తిరించేసుకున్నాను, డ్రైవరు టోపీలో పట్టాలని.

ప్రయాణానికి ముందురోజు పిల్లలక్క బజారుకి వెళ్తున్నానని చెప్పి పొద్దుటిపూటంతా ఇల్లు నాన్నకి వదిలేసింది. బజారుకేం వెళ్ళలేదు. ఎదురింటి మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించి విందని ఆమే నాకు తర్వాత చెప్పింది. రెండు ఏడుపులు వినిపించాయట, రెండూ తగ్గాయట. ఒక పాట కూడా వినిపించిందట. అదేం పాట అంటే, మీ సమ్మె పాటేదో అయ్యుంటుంది, పిల్లలు మాత్రం బాగా అందుకున్నారు అంది. సాయంత్రం నాన్న చేతిలో తాళం చెవి పెట్టింది. మర్నాడు కొత్త చెప్పులు వేసుకుని, చక్రాల పెట్టె గడగడలాడించుకుంటూ మా వీధి మీదుగానే వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతానోనని భయమేమో, మెడ తిప్పలేదు.

మొదటి వారం గడిచింది. మా ఆయన డ్యూటీ దిగి పిల్లల అన్నాల వేళకి అక్కడికే వెళ్ళేవాడు. నేను ఒకసారి డిపో నుంచి ఆలస్యంగా వస్తే, నాన్న గుమ్మంలో నిలబడి గడియారం వైపు వేలు చూపించి, అదనం అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు. కట్టాను.

రెండో వారంలో నా పరీక్ష. పొద్దున్నే జల్లు పడి పట్టాలు తడిసి మెరుస్తున్నాయి. పరీక్షాధికారి పొడుగ్గా, సన్నగా, మాట్లాడితే నోరు అరిగిపోతుందన్నట్టున్నాడు. నా వెనకే నిలబడి, ఊఁ అన్నాడు. అంటే బయల్దేరమని.

డిపో గేటు దాటగానే భయం పోయింది. నిజంగా పోయింది. హ్యాండిలు చేతికి అతికినట్టు ఉంది. స్టేషన్ రోడ్డు, వంతెన, సంత మలుపు. దిగుడు రాకముందే వేగం తగ్గించాను. చక్రాలు ఒకసారి జారబోతే మీట నొక్కి పట్టాల మీదికి ఇసుక వదిలాను, పట్టుకున్నాయి. వెనక ఆయన ఏదో రాసుకున్న చప్పుడైంది. పార్కు పక్కగా రోడ్డు తిన్నగా ఉంది. బండి హాయిగా పరుగెడుతోంది. గాలి చల్లగా ముఖానికి కొడుతోంది.

పార్కు చివర, జనం రోడ్డు దాటే తెల్ల చారల దగ్గర ఒక మనిషి రోడ్డు మీదికి అడుగు పెట్టాడు.

తెల్ల చొక్కా. అరచెయ్యి నా బండి వైపు పెట్టి, ఆ చెయ్యి అలాగే ఉంచాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీ గేటు ముందు లారీలని ఆపినట్టు. వెనక ఒక పొడుగు తాడు, తాడుకి ముడులు, ఒక్కో ముడి పట్టుకుని ఒక్కో పిల్ల. మా నాన్న నా ట్రామ్‌ని ఆపుతున్నాడు.

గంట మీదికి కాలు వెళ్ళింది. నొక్కలేదు. పిల్లలు బెదురుతారు. బ్రేకు మెల్లగా, ఇంకా మెల్లగా లాగాను. తడి పట్టాల మీద బండి ఒక్క కుదుపు లేకుండా తెల్ల గీత దగ్గర నిలబడింది.

వాళ్ళు దాటుతున్నారు. కవలలు, ఒరిగిపోయిన జడలతో. ఉబ్బిన బుగ్గతో ఉంగరాల జుట్టువాడు. కొత్తగా చేరిన ఇద్దరు. చివరి ముడి దగ్గర పిచ్చుక. అది తలెత్తి అద్దంలోంచి నన్ను చూసింది. రోడ్డంతా వినబడేలా అమ్మా అని అరిచి, తాడు వదిలేసి రెండు చేతులూ ఊపింది. నాన్న ఇటు తిరగలేదు. వంగి దాని చెయ్యి పట్టుకుని మళ్ళీ ముడి మీద పెట్టాడు. చివరి పాదం అవతలి గట్టు ఎక్కేదాకా అరచెయ్యి దించలేదు. దించాక ఒకసారి తల పంకించాడు, ఏ డ్రైవరుకైనా చేసేంత మాత్రమే. తాడు పట్టుకుని పార్కులోకి వెళ్ళిపోయాడు.

"మీకు తెలిసినవాళ్ళా?" అన్నాడు పరీక్షాధికారి. ఆ రోజు ఆయన అన్న పూర్తి వాక్యం అదొక్కటే.

"పిల్లల్ని చూసుకునేవాళ్ళండీ" అన్నాను. బండి కదిలించాను.

పిల్లలక్క వారం తిరిగేసరికి, ఎండకి ముక్కు నల్లబడి, రైలు ముచ్చట్లు మోసుకుని వచ్చింది. ఆ ముచ్చట్లు పూర్తి కాకముందే నాన్న తనకి కూడా జీతంతో సెలవు కావాలంటూ ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె కుదరదంది. ఆ గొడవ వాళ్ళిద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచింది, ఇద్దరికీ అది తెగడం ఇష్టం లేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాన్న ఆ ఉద్యోగం తన మోకాళ్ళు ఒప్పుకున్నంత కాలం చేశాడు. మా ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో ఉతికిన బట్టలు పోసుకోవడం మొదలుపెట్టాం.

అయితే ఆ వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది పరీక్ష రోజు సాయంత్రం. చేతిలో యూనిఫాం పొట్లంతో ఎగురుకుంటూ మెట్లెక్కాను. నాన్న అప్పుడే వచ్చి, పాదాలు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే మొదలుపెట్టాడు. ఉంగరాల జుట్టువాడు ఇవాళ మింగాడట. పార్కులో పావురాలకి అన్నం వేస్తుంటే, అవి తింటుంటే, వీడు కూడా నోరు కదిపి గుటుక్కున మింగేశాడట. ఆ బుగ్గ ఎలా తగ్గిందో, అది చూసి పిల్లలందరూ ఎలా చప్పట్లు కొట్టారో, తన బుగ్గ మీద చూపిస్తూ చెబుతున్నాడు. ఆయన అలా కళ్ళింతలు చేసుకుని ఒక పిల్లవాడి గురించి చెబుతుంటే నేను పొట్లం వెనక్కి దాచి, గుమ్మంలోనే నిలబడి విన్నాను. ఎంతసేపు విన్నానో తెలియదు.

ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, పాసయ్యాను నాన్నా అన్నాను.

"తెలుసు" అన్నాడు. "గీత మీదే ఆపావు. పిల్లల్లో ఒక్కరు కూడా బెదరలేదు."

అని, మళ్ళీ పావురాల దగ్గరికి వెళ్ళిపోయాడు.